ముగ్గురూ చూసేవాళ్ళే

ఒక పెద్ద అడవిలో, ఎండలు బాగా ముదిరిన ఏడాది, జంతువుల ఆఫీసుకి మూడు కంప్యూటర్లు వచ్చాయి.

పెద్దాఫీసరు ఎలుగుబంటి వీరభద్రయ్యకి ఒకటి. దారుల సెక్షన్ నక్క కామేశానికి ఒకటి. నీళ్ళ సెక్షన్ తాబేలు సూరన్నకి ఒకటి.

సూరన్న ఆ వేసవంతా పాక్కుంటూ తిరిగి, ఏ గుంటలో నీళ్ళున్నాయో, ఏది ఎండిపోయిందో జాబితా రాసుకున్నాడు. ఏ దారిలో వేటగాళ్ళ ఉచ్చులున్నాయో కామేశం దగ్గర ఉంది. జంతువులేమో నీళ్ళ కోసం గది గదికీ తిరగలేక చస్తున్నాయి.

వీరభద్రయ్య ముంగిస నాంచారిని పిలిపించాడు. ఆ అడవిలో కంప్యూటర్ల పని తెలిసింది ఆమెకొక్కదానికే.

"మూడు డబ్బాల్నీ కలుపు. ఒకరి ఫైళ్ళు ఒకరికి కనిపించాలి."

"కలుపుతానండీ. ముందు ప్రతి డబ్బాకీ కెర్నల్ కొత్తగా కట్టాలి."

"అదేమిటి?"

"ఆపరేటింగ్ సిస్టమ్‌కి నడిమి భాగమండీ. మిగతావన్నీ దాన్ని అడిగే పని చేస్తాయి. అందులో రెండు ఆప్షన్లు. సర్వర్ పెట్టుకుంటే మన డిస్కు పక్కవాళ్ళకి కనిపిస్తుంది. క్లయింట్ పెట్టుకుంటే పక్కవాళ్ళది మనకి కనిపిస్తుంది. రెండూ పెట్టుకోవచ్చు. తర్వాత మార్చాలంటే మాత్రం మళ్ళీ మొదట్నుంచీ కట్టాలి, డబ్బాకి ఒక పూట పడుతుంది."

"ఎవరికేం కావాలో వాళ్ళే రాసిస్తారు. మనది ప్రజాస్వామ్యం," అన్నాడు వీరభద్రయ్య.

కామేశం క్లయింట్‌కి 'అవును', సర్వర్‌కి 'వద్దు' అని రాశాడు. చూడాల్సింది అయ్యగారి డిస్కు అని చేర్చాడు. ఆ తర్వాత తీరిగ్గా సూరన్న గదికి వెళ్ళాడు.

"ఏం రాశావు సూరన్నా?"

"రెండూ అవుననే రాశానండీ. నా జాబితా అందరికీ పనికొస్తుంది, మీ దారులు నాకు పనికొస్తాయి."

"అమాయకుడివయ్యా! జాబితా కనిపిస్తే రోజూ ఎవడో ఒకడు తప్పు పడతాడు. మోకాలి లోతు నీళ్ళని రాశావనుకో, ఎవరి మోకాలని అడుగుతాడు. చూపించడానికి మేమున్నాంలే. నువ్వు చూస్తూ కూర్చో."

సూరన్న మెడ లోపలికి లాక్కుని కాసేపు ఆలోచించాడు. మెడ బయటికి వచ్చాక, సర్వర్ పక్కన ఉన్న 'అవును' కొట్టేసి 'వద్దు' అని రాశాడు.

వీరభద్రయ్య సూరన్న డిస్కు కావాలన్నాడు. తనది చూపించడానికి ఒప్పుకోలేదు. "ఆఫీసర్ని! నేను చూడాలి గానీ, నన్ను చూడ్డమేమిటి?"

నాంచారి మూడు కాగితాలూ పట్టుకుని నిలబడిపోయింది. "అయ్యా, అందరూ చూసేవాళ్ళే. చూపించేవాళ్ళు ఒక్కరూ లేరండీ."

"నీకెందుకు? కట్టు."

"పోనీ, అవతలి డబ్బా పలక్కపోతే కాసేపు చూసి వదిలేయమని పెట్టనా?"

"మధ్యలో వదిలేయడం మన ఆఫీసులో లేదు. పలికేదాకా ఆగమను."

మూడో రోజు కొబ్బరికాయ కొట్టి మీట నొక్కారు. మూడు తెరల మీదా ఒకే వాక్యం వచ్చింది: 'అవతలి నుంచి జవాబు లేదు. ఎదురుచూస్తున్నాను.' అందరూ చప్పట్లు కొట్టారు. మధ్యాహ్నానికీ అదే వాక్యం. ఎవరి ఫైళ్ళు వాళ్ళకే తెరుచుకోవడం లేదు.

అప్పుడొచ్చింది ముసలి జింక కోటమ్మ, మందతో సహా.

"సూరన్నా, నిన్నట్నుంచీ గుక్కెడు నీళ్ళు లేవు. ఏ గుంటకి పోవాలో చెప్పు నాయనా."

"జాబితా ఈ డబ్బాలోనే ఉందత్తా. కామేశంగారి డబ్బా కోసం ఎదురుచూస్తోంది."

"ఆయనదో?"

"అయ్యగారి డబ్బా కోసం."

"మరి అయ్యగారిది?"

సూరన్న గొంతు తగ్గించాడు. "నాదాని కోసం."

"గుంటలన్నీ తిరిగింది నువ్వే కదా. గుర్తు లేదూ?"

"గుర్తుంది. నోటితో చెబితే ఆఫీసు చెప్పినట్టు కాదు కదత్తా."

కోటమ్మ వెనక, నెలలు నిండిన జింక ఒకటి కాళ్ళు మడతపడి నేల మీద కూలబడింది. సూరన్నకి తాను కొట్టేసిన 'అవును' గుర్తొచ్చింది. ఎక్కడ లేని సిగ్గూ ముంచుకొచ్చింది. కుర్చీ దిగాడు.

"నేను పోయొచ్చిన దారిలో ఉచ్చుల్లేవు. నా వెనకే రండి."

మందంతా తాబేలు వెనక నడిచింది. రెండడుగులు వేయడం, ఆగడం. నిండు చూలాలిని రెండు జింకలు చెరోపక్కా ఆనుకుని నడిపించాయి. ఎవరూ తొందరపెట్టలేదు. పొద్దు వాలేసరికి గుట్ట కింది గుంట చేరారు. అందరికన్నా ముందు ఆమె తాగింది.

మర్నాడు సూరన్నకి మెమో వచ్చింది: 'కెర్నల్‌లో సర్వర్ ఆప్షన్ లేకుండా నీళ్ళ సమాచారం బయటివారికి ఇచ్చినందుకు సంజాయిషీ ఇవ్వవలెను.'

సూరన్న సంజాయిషీ రాయలేదు. నాంచారి దగ్గరికి వెళ్ళాడు. "నా డబ్బాలో క్లయింట్ తీసేసి సర్వర్ పెట్టమ్మా."

ఒక పూటలో అయిపోయింది. సూరన్న డబ్బా తెరుచుకుంది. వెంటనే వీరభద్రయ్యదీ తెరుచుకుంది. ఆయన జాబితా అంతా చదివి, పదకొండు అక్షరదోషాలు పట్టి, రెండో మెమో పంపాడు.

కామేశం డబ్బా మాత్రం తెరుచుకోనే లేదు. ఏడాది చివర ఉత్తమ ఉద్యోగి శాలువా అతనికే కప్పారు. ఎంత వెతికినా అతని ఫైల్లో ఒక్క తప్పూ దొరకలేదట.

నీతి: ఫైల్లో తప్పు ఉండకూడదంటే, ఫైలు ఎవరికీ కనిపించకూడదు.