సంరక్షణలో వంద చింతచెట్లు

ఆ బుధవారం ఉదయం రామనర్సయ్యగారి కార్యక్రమం చాలా స్పష్టంగా ఉంది. స్నానం, కాఫీ, అటుపైన ఆంగ్లంలో తాను రాస్తూ వచ్చిన పర్యావరణ నివేదికకు ఆఖరి వాక్యం. ఆ వాక్యంలో కామా ఎక్కడ పెట్టాలన్న విషయమై ఆయన రెండు రోజులుగా ఆలోచిస్తున్నారు. కొంటా హయ్యర్ సెకండరీ స్కూలులో ప్రిన్సిపాల్‌గా పదవీ విరమణ చేసిన నాటి నుంచి, ఇంత గంభీరంగా ఆలోచించదగిన పని ఆయనకు మళ్ళీ దొరకలేదు.

ఆ నివేదిక నిజానికి బావమరిది హరిబాబుకు కావలసింది. అతనికి ఎర్రబోరు దగ్గర హైవే మీద చింతపండు ఫ్యాక్టరీ ఉంది. పల్లెలవాళ్ళు కోసి తెచ్చిన కాయను అక్కడ ఒలిచి, గింజ తీసి, ఆవిరిమీద ఉడికించి, గుజ్జు చేసి డబ్బాలకెత్తుతారు. ఆ గుజ్జంతా కొనేది హైదరాబాదులోని ఒక పెద్ద పచ్చళ్ళ కంపెనీ. ఆ కంపెనీకి ఈ ఏడు ఉన్నట్టుండి భూగోళం మీద ప్రేమ పుట్టుకొచ్చింది. తమకు సరుకు అమ్మేవారందరూ వాతావరణానికి ఏం మేలు చేస్తున్నారో కళ్ళకు చూపించాలనీ, చూపించలేనివారితో ఇక వ్యాపారం లేదనీ తాఖీదు పంపింది.

"చెట్లు నాటితే నీళ్ళు పోయాలె, మేకలు తినకుండ కాయాలె. అదంత ఎవడు చేస్తడు బావగారూ?" అన్నాడు హరిబాబు, ఆ తాఖీదు అందిన రోజున. "ఉన్న చెట్లకే బోర్డులు కడ్త. సంరక్షిస్తున్నమని రాస్త. నరకకుండ ఉంటే సంరక్షణే గద?"

"అసలు నరికే ఉద్దేశం నీకెప్పుడైనా ఉందా?"

"లేదు! చూసిన్రా, ఎంత గట్టిగ సంరక్షిస్తున్ననో!"

ఈ తర్కానికి రామనర్సయ్యగారు ఆగ్రహించవలసిందే. కానీ బోర్డు నమూనా చూసి ఆగిపోయారు. ఫ్యాక్టరీ పేరు రాస్తే ప్రకటనలా ఉంటుందనీ, చదువుకున్న పెద్దమనిషి పేరు రాస్తే గౌరవంగా ఉంటుందనీ హరిబాబు ఆలోచించాడు. ఆ ప్రకారం బోర్డు మీద మూడు భాషల్లో ఇలా ఉంది: "ఈ వృక్షము శ్రీ రామనర్సయ్య, ఎం.ఏ., విశ్రాంత ప్రిన్సిపాల్ గారి సంరక్షణలో ఉన్నది." ఆయన ఆ ప్రూఫును మూడుసార్లు దిద్దారు. ఎం.ఏ. తరువాత చుక్క పడనందుకు రంగులవాణ్ణి మందలించారు. ఈ బోర్డులు ఎవరి చెట్లకు కట్టబోతున్నారన్నది మాత్రం ప్రూఫులో లేదు గనుక ఆయన దిద్దలేదు. ఫ్యాక్టరీకి కాయ తెచ్చే పల్లె మరైగూడ చుట్టూ ఉన్న వంద చింతచెట్లకు హరిబాబు మనుషులు ఇనుప తీగతో వాటిని కట్టి వచ్చారు.

కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే గేటు చప్పుడైంది. మరైగూడలో మేకలు పెంచుకునే ఆయతి, ఆమె మేనల్లుడు ఇర్మా నిలబడి ఉన్నారు.

"సారూ, నీ చెట్టు నా మేకల పాక మీద పడ్డది," అంది ఆయతి, నమస్కారం పెట్టి మరీ.

"నా చెట్టా? పెరట్లో కరివేపాకు తప్ప నాకు చెట్లెక్కడివమ్మా?"

"చెట్టంత కాదు, కొమ్మ. నిన్నటి గాలికి ఇరిగింది. మేకలు బాగనే ఉన్నయి. కప్పు పోయింది."

"ఏ చెట్టు అది?"

"బావి కాడి చింత. మా మామ కాలం నుంచి మాదే ఉండె."

"మీదైతే నా దగ్గరకెందుకు వచ్చావు?"

"మాది ఉండె అన్న సారూ. ఇప్పుడు నీది. నీ కట్టున్నది గద."

ఇర్మా ముందుకు వచ్చి వివరించాడు. "మా ఊళ్ళ గంతే సారూ. అడవి చెట్టయినా, చేను చెట్టయినా, ఎవరి కట్టుంటే వాళ్ళే మాలిక్. కాయ వాళ్ళదే, కొమ్మ పడితే తిప్పలు వాళ్ళవే. మేము నారతోటి కడ్తం. మీది ఇనుప తీగ. మస్తు గట్టిది."

రామనర్సయ్యగారి ఒళ్ళు మండిపోయింది. ఉద్యోగం చేసినంత కాలం బడి సుద్దముక్క ఒక్కటైనా జేబులో వేసుకుని ఇంటికి తేని మనిషి ఆయన. ఆ ఒక్క పేరే ఆయన వెనకేసుకున్నది. "అంటే, నేను పరుల చెట్లు కాజేశానని నువ్వు నా గేటు ముందు నిలబడి చెబుతున్నావా?"

"కాజేసినవని ఎవలన్నరు? తీస్కున్నవ్. తీస్కున్నోళ్ళు బాగు చేస్కోవాలె గద."

లోపలి నుంచి భార్య దుర్గాభవాని కలగజేసుకుంది. "ఏమండీ, ఆ కప్పేదో వేయించేస్తే పోలేదూ? బోర్డు మీద పేరు చూసుకుని మురిసినప్పుడు లేని బాధ ఇప్పుడెందుకు?"

తాను పరుల సొమ్ము ఆశించే మనిషి కాదని నిరూపించాలన్న పట్టుదలతో రామనర్సయ్యగారు ఆ మరునాడే మనుషులను పంపి, పాకకు కొత్త కప్పు వేయించారు. అది కేవలం దయతో చేసిన పని అని కూడా చెప్పి రమ్మన్నారు. మనుషులు కప్పు వేశారు గానీ ఆ మాట చెప్పడం మరిచిపోయారు. మరైగూడలో అందరూ ఒకటే అనుకున్నారు: సారు ఒప్పుకున్నాడు.

ఇక ఇంటికి జనం రాక మొదలైంది. ఆయన చెట్టు ఆకు బావిలో రాలుతోందని ఒకరు, ఆయన చెట్టెక్కిన కోతులు పెంకులు పగలగొట్టాయని ఒకరు. ఒకే చెట్టు కోసం ఏళ్ళ తరబడి కొట్టుకుంటున్న అన్నదమ్ములు హుంగా, కోస మాత్రం భుజాల మీద చేతులు వేసుకుని వచ్చారు. చెట్టు ఇక తమ ఇద్దరిదీ కాదు గనుక తగువు తీరిపోయిందనీ, సారుకు పుణ్యముంటుందనీ చెప్పారు. ఆ తరువాత హుంగా అసలు సంగతి బయటపెట్టాడు.

"కోత దినాలొచ్చినయి సారూ. కోతకు ముందు చెట్టుకు కోడినియ్యాలె. మాలికే ఇయ్యాలె."

"నేను శాకాహారిని!"

"తినమంటలేము సారూ. ఇయ్యమంటున్నం."

"కావాలంటే కొబ్బరికాయ కొడతాను."

"చెట్టు ఒప్పుకోదు."

"ఒప్పుకోనని చెట్టు నీతో చెప్పిందా?"

"ఒప్పుకుంటనని మీతోటి చెప్పిందా?"

ఆంగ్ల సాహిత్యంలో ఎం.ఏ. చేసిన తనను ఒక చింతచెట్టు అభిప్రాయం విషయంలో నిలదీయడం రామనర్సయ్యగారికి తల కొట్టేసినట్లయింది. ఇద్దరినీ గేటు దాటించి, గడియ పెట్టి, తాను ఏ చెట్టుకూ యజమాని కాననీ, కోడి గాని ఈక గాని ఇచ్చేది లేదనీ వీధి వీధంతా వినబడేలా ప్రకటించారు.

ఫలితం వారం తిరగకుండానే కనబడింది. హరిబాబు మోటారు సైకిలు మీద వచ్చి, దాన్ని స్టాండు కూడా వేయకుండా గోడకు ఆనించి లోపలికి దూసుకొచ్చాడు.

"ఏంది బావగారూ ఇది? మరైగూడ నుంచి ఒక్క బుట్ట రాలే! మాలిక్ కోడియ్యలే, మేము పరాయి చెట్టు ముట్టమంటున్నరు. ఆ కబురు ఇని పక్క ఊళ్ళోళ్ళు గూడ కోత ఆపిన్రు. వాళ్ళ చెట్లు గూడ మీవేనేమో అని అనుమానమంట! బాయిలర్ చల్లారింది. ఫ్యాక్టరీల ఈగ గూడ లేదు. రేపు హైదరాబాద్ మేడమ్ వస్తున్నది!"

"నన్ను దొంగను చేసి, పైగా నన్నే అడుగుతున్నావా? నడు. ఇప్పుడే తేల్చేస్తాను."

ఇద్దరూ మరైగూడ చేరుకునేసరికి ఎండ మాడ్చేస్తోంది. చింతచెట్లు కాయ బరువుకు వంగి ఉన్నాయి. కోతులు పండుగ చేసుకుంటున్నాయి. చెట్ల నీడలో జనం హాయిగా కూర్చుని చూస్తున్నారు. రామనర్సయ్యగారు పూర్వం ప్రార్థనా సమావేశంలో నిలబడినట్లు నిటారుగా నిలబడ్డారు.

"ఈ చెట్లు నావి కావు. ఎన్నడూ నావి కావు. మీ చెట్లు మీరు కోసుకోండి!"

"మాలిక్ కొయ్యమంటే కోస్తం," అంది ఆయతి. "కూలికి."

"కూలి ఇస్తే నా చెట్లని నేనే ఒప్పుకున్నట్లు కాదా?"

"ఒప్పుకోరాదు బావగారూ! నాలుగు దినాలే గద!" అని హరిబాబు బతిమాలాడు.

"నా ప్రాణం పోయినా ఒప్పుకోను!" అంటూ ఆయన హరిబాబు మోటారు సైకిలు పెట్టెలోంచి పటకారు తీసి, దగ్గరలో ఉన్న చెట్టు తీగను తానే విప్పసాగారు.

"అయ్యయ్యో, విప్పకున్రి! ఫొటోలు హైదరాబాద్ పోయినయి! మేడమ్ వచ్చి చూసి పోయేదంక ఉండాలె!" అని హరిబాబు చెయ్యి పట్టుకున్నాడు.

ఆయతి మాత్రం జనం వైపు తిరిగి చల్లగా అంది. "చూసిన్రా? కట్టు విప్పే హక్కు మాలిక్‌కే ఉంటది. ఇన్ని దినాలు మనం ముట్టినమా?"

పటకారు ఆయన చేతిలోంచి జారిపోయింది. కట్టు ఉంచితే చెట్లు ఆయనవి. విప్పితే మరింత ఆయనవి. న్యాయశాస్త్రంలో ఇంతటి దుర్మార్గమైన సూత్రం ఉంటుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. ఇక మిగిలింది ఒక్కటే మార్గం. రేపు వచ్చే అధికారి ముందు, ఊరందరి ఎదుట, నిజం చెప్పేయడం. బావమరిది వ్యాపారం పోతే పోనీ, తన పేరు తనకు దక్కాలి.

మరునాడు పచ్చళ్ళ కంపెనీ తరఫున కల్యాణి అనే అధికారిణి కారులో వచ్చింది. చేతిలో ఏవో కొలిచే యంత్రాలు. ముందుగా ఫ్యాక్టరీ చూసింది. బాయిలర్ మీద చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. పొగగొట్టం మీద పిచ్చుక గూడు కట్టుకుంటోంది. కరెంటు మీటరు కదలడం లేదు. హరిబాబు చెమటలు తుడుచుకుంటుంటే, ఆమె ముఖం మాత్రం క్షణక్షణానికీ వికసిస్తోంది. అక్కడి నుంచి మరైగూడ వచ్చారు. కాయ తెంపని వంద చెట్లు, వాటి నిండా చిలకలు, కోతులు, ఉడతలు చూసి ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

రామనర్సయ్యగారు ముందుకు వచ్చారు. "అమ్మా, ఈ బోర్డులన్నీ పచ్చి అబద్ధం. ఈ చెట్లు నావి కావు. నేను వీటికి చెంబెడు నీళ్ళు పోయలేదు. వీటిని ఎవరూ సంరక్షించడం లేదు. నమ్మకపోతే ఈ ఊరివాళ్ళను అడగండి!"

కల్యాణి ఆయతిని అడిగింది. "అమ్మా, ఈ చెట్లు ఎవరివి?"

"సారువే," అంది ఆయతి తడుముకోకుండా. "కొమ్మ పడ్డదంటే తెల్లారే కప్పు ఏయించిండు. అందర్ని కోసుకోమంటడు. తను ఒక్క కాయ ముట్టడు."

"నేను చెప్పేది అది కాదు!" అని రామనర్సయ్యగారు కాలు నేలకేసి కొట్టారు.

"అర్థమైంది సార్," అంది కల్యాణి గద్గద స్వరంతో. "ఉన్నదంతా ఊరికి వదిలేసి, నాది కాదు అనడం! నేను ఇన్ని చోట్ల తిరిగాను, ఇలాంటి సప్లయర్‌ని చూడలేదు. పొగ లేదు, కరెంటు ఖర్చు లేదు, వ్యర్థాలు లేవు, లారీ లేదు..."

"చింతపండు గూడ లేదు మేడమ్," అన్నాడు హరిబాబు ఏడుపు గొంతుతో.

"అదేగా గొప్పతనం! ఈ ఏడాది మా హరిత పురస్కారం మీకే."

"మరి ఆర్డరు?"

"ఆర్డరిస్తే మళ్ళీ బాయిలర్ వెలిగించాలి కదండీ. మీ రికార్డు మేమెందుకు పాడుచేస్తాం? గుజ్జు వేరే రాష్ట్రం నుంచి తెప్పించుకుంటాంలే."

"లారీలోనా?" అని రామనర్సయ్యగారు గర్జించారు.

"లారీలోనే సార్. అది వేరే డిపార్ట్‌మెంట్ లెక్కలోకి వెళుతుంది."

ఈ రేకు బోర్డుల బదులు కంపెనీ ఖర్చుతో తుప్పు పట్టని స్టీలు బోర్డులు, అదే పేరుతో, పంపిస్తామని హామీ ఇచ్చి ఆమె ఆయనకు శాలువా కప్పింది. ఆయన దాన్ని లాగి పారేయబోతే, అంతటి నిరాడంబరుణ్ణి తన జన్మలో చూడలేదని ఫొటో తీసుకుంది. కారు వెళ్ళిపోయింది. హరిబాబు కారు రేపిన దుమ్ములోనే కూలబడ్డాడు.

రామనర్సయ్యగారు శాలువాతోనే ఆయతి ముందుకు వెళ్ళారు. "నిజం చెప్పు. ఈ చెట్లు నావని నువ్వు నిజంగా నమ్ముతున్నావా?"

"నమ్మేదేంది సారూ? బోర్డులు కట్టేటప్పుడు మమ్ముల ఎవలన్న అడిగిన్రా? అడగక కట్టినోళ్ళు అడగక భరించాలె."

జీవితంలో మొదటిసారి, ఆయనకు ఒక వాక్యంలో దిద్దడానికి ఏమీ దొరకలేదు. శాలువా తీసి మడత పెట్టారు.

"అయితే ఇప్పుడు అడుగుతున్నాను. మీ చెట్లు మీరు తీసుకుంటారా?"

"ఇది అడిగే పద్ధతి," అంది ఆయతి. "పది మందిమి కూసోని మాట్లాడుకోవాలె. ఆదివారం చెప్తం. అందాక ఎవ్వరు కాయ ముట్టరు."

ఆ సాయంత్రం కొంటా బజారంతా వెదికినా చింతపండు దొరకక, రామనర్సయ్యగారింట చారు నిమ్మకాయతో కాచారు.