మామా అల్లుళ్ల హెడ్ గ్యాస్కెట్

ఆ ఆదివారం ఉదయం పెట్టుకున్న పని చిన్నదే. షెడ్డులో పడి ఉన్న తాతగారి కాలం నాటి ట్రాక్టర్‌కి, ఇంజిన్ మూత కింద నీళ్లూ ఆయిలూ కలవకుండా ఆపే హెడ్ గ్యాస్కెట్ మార్చాలి, భోజనాల వేళకి స్టార్ట్ చేసి బయట పెట్టాలి. షెడ్డు నేల లోపలికి వాలు కాబట్టి నెడితే వచ్చే బండి కాదది. ఖాళీ అయిన చోట ఇల్లాలు తన కుట్టు మిషన్ పెట్టుకుంటుంది. వచ్చే ఆదివారం బడి హెడ్‌మిస్ట్రెస్ వచ్చి చూసి, నచ్చితే పిల్లల యూనిఫారాలన్నీ ఆమెకే ఇస్తుంది. మంచానికీ బీరువాకీ మధ్య ఇరుక్కుని ఏళ్ల తరబడి బట్టలు కుట్టిన మనిషికి అదెంత పెద్ద సంగతో ఎవరికైనా తెలుస్తుంది, ఆ ఇంటి మగవాళ్లకి తప్ప.

భర్త ఆఫీసులో గుమాస్తా. ఆమె తండ్రి బస్సు డిపోలో మెకానిక్‌గా రిటైరై కూతురి దగ్గరే ఉంటున్నాడు. ఇద్దరికీ కోపం ముక్కు మీదే. మొదటి బోల్టు విప్పకముందే, ఒకటో సిలిండర్ ఎటువైపు నుంచి లెక్కపెట్టాలి అన్న దగ్గర గొడవ రేగింది.

"మా డిపోలో ముందు నుంచే లెక్క!" అన్నాడు మామగారు.

"ఇది మీ డిపో కాదు, మా తాత ట్రాక్టర్!" అన్నాడు అల్లుడు.

అంతటితో ఇద్దరికీ మాటల్లేవు. పని మాత్రం ఆగలేదు. పగలు మామగారు, ఆఫీసు నుంచి వచ్చాక అల్లుడు అదే ఇంజిన్ మీద పడ్డారు. ఒకరి మాట ఒకరికి మోసే దిక్కుమాలిన ఉద్యోగం ఇల్లాలి నెత్తిన పడింది.

"పుష్‌రాడ్ ఊచలు తీసిన వరసలోనే గుడ్డ మీద పెట్టాను. ఆ ముసలాయన్ని వేలు పెట్టొద్దని చెప్పు," అని భర్త ఆఫీసుకి పోయాడు.

ఈ మాట ఇలాగే చేరితే ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు. ఆమె కాస్త తీపి పూసింది.

"నాన్నా, ఆ ఊచలు ఓసారి మీ చేత్తో చూడమన్నారు."

ఆయన మురిసిపోయి, అన్నిటినీ కిరసనాయిల్లో కడిగి, తుడిచి, ఒకే బకెట్లో నిలబెట్టాడు. సాయంత్రం వరస చెడిన ఆ బకెట్ చూసిన అల్లుడికి ఒళ్లు మండిపోయింది. మర్నాడు తండ్రి వంతు.

"హెడ్ బోల్టులు నడిమి నుంచి బయటికి బిగించాలి. చివర నుంచి బిగిస్తే గ్యాస్కెట్ చస్తుంది. ఆ మొద్దుకి చెప్పు."

"ఏవండీ, బోల్టులు మీకు తోచినట్టు బిగించమన్నారు. మీ మీద నాన్నకి నమ్మకమే," అంది ఆమె.

ఆ నమ్మకానికి ఉబ్బిపోయి అతను ఓ చివర నుంచి మొదలుపెట్టాడు. గ్యాస్కెట్ చచ్చింది. ఆయిల్లో నీళ్లు కలిశాయి. దాంతో అడుగునున్న ఆయిల్ సంప్ విప్పారు, పిస్టన్లు లాగారు, బేరింగులు ఊడదీశారు. శుక్రవారానికి ఇంజిన్ ఉండాల్సిన చోట తప్ప షెడ్డంతా ఇంజినే.

శనివారం ఇద్దరికీ ఇంట్లోనే మకాం. షెడ్డులోంచి, "మీ నాన్న కావాలనే చెడగొట్టాడే!" అని ఒక కేక. వరండాలోంచి, "నడిమి నుంచి బిగించమన్నానా లేదా? అడుగు మీ ఆయన్ని!" అని ఇంకో కేక. మధ్యలో నిలబడ్డ ఆమెకి ఒక్కసారిగా కడుపు మండిపోయింది. వాళ్ల మీద కోపం, ట్రాక్టర్ మీద కోపం, అన్నిటికంటే తన మంచితనం మీద కోపం.

"ఆపండి! 'మొద్దూ, నడిమి నుంచి బిగించు' అన్నారు మా నాన్న! 'ముసలాయన వేలు పెట్టొద్దు' అన్నారు మా ఆయన! మీకు చేరింది నా మర్యాద. ఇక నా దగ్గర మర్యాద అయిపోయింది. ఇప్పట్నించీ తిట్టుతో సహా మోస్తాను!"

మోసింది. "కళ్లు నెత్తికెక్కాయా, ఆ గేరు మీది మార్కు పైకి రావాలి అంటున్నారు!" అని షెడ్డులో భర్త మీద అరిచింది. "వంకర చేతులతో ఆ రింగులు విరగ్గొట్టొద్దంటున్నారు!" అని వరండాలో పిస్టన్లు ముందేసుకున్న తండ్రి మీద అరిచింది. ఒక్కో తిట్టుకి ఒక్కో బోల్టు తన చోట తాను కూర్చుంది.

ఆదివారం పొద్దున హ్యాండిల్ తిప్పగానే నల్లటి పొగ కక్కి ఇంజిన్ అందుకుంది. ట్రాక్టర్ తనంతట తాను బయటికి నడిచింది. మామా అల్లుళ్లు మసి చేతులతో కౌగిలించుకున్నారు. ఆమె ఏడ్చినంత పని చేసి, నేల కడిగి, మిషన్ తెచ్చి నడిమధ్యన పెట్టి, ముఖం కడుక్కోవడానికి లోపలికి వెళ్లింది.

ఈలోగా వచ్చిన హెడ్‌మిస్ట్రెస్‌ని వెంటబెట్టుకుని తిరిగొచ్చేసరికి మామా అల్లుళ్లు నేల మీద పక్కపక్కన కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు పరిచిన గుడ్డ మీద కుట్టు మిషన్ ఆఖరి మరతో సహా విప్పి ఉంది.

"కాస్త చప్పుడొస్తోంటే చూద్దామని, కదా మామయ్యా?"

"అవునమ్మా. అల్లుడు చెప్పిందే నిజం. వరస కూడా ముందు నుంచే పెట్టాం."

"గది బాగుంది. ఏదమ్మా, ఓ కుట్టు వేసి చూపించు," అంది హెడ్‌మిస్ట్రెస్.

ఇల్లాలు మగవాళ్ల వైపు తిరిగింది. ఆమె అన్నది ఇద్దరికీ ఉన్నదున్నట్టే చేరింది. మధ్యలో మర్యాద కలపడానికి ఎవరూ లేరు.