వంతెనకు తొమ్మిదో కోటు

ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలు. సన్నటి తుంపర, గాలిలో తేమ తొంభై రెండు శాతం. ఇనుముకు రంగు వేయడానికి అంతకంటే పనికిరాని ఘడియ ఏడాది మొత్తంలో దొరకదు గనుక, మంత్రివర్యులు సరిగ్గా ఆ ఘడియలోనే ఏటి మీది ఇనుప కాలినడక వంతెన ముందు నిలబడి ‘తుప్పు రహిత పాలన’ను ప్రకటించారు. నెలాఖరుకల్లా వంతెన నీలంగా మెరవాలని ఆదేశించారు. నేను గొడుగు కింద నుంచి చప్పట్లు కొట్టాను. పనికి ఇంజనీరు మా అల్లుడు కావడం వల్ల అది నా కుటుంబ బాధ్యత.

మా అల్లుడికి ఒక లోపం ఉంది. చదివిన చదువును ఉద్యోగంలో వాడతాడు. తుప్పు మీద వేసిన రంగు తుప్పుతోపాటే ఊడుతుంది గనుక, ముందు గొట్టంతో ఇసుకలాంటి గరుకు రవ్వను వేగంగా చిమ్మి, పాత కోట్లన్నీ లేపేసి, లోహం తెల్లగా కనబడ్డాకే ప్రైమర్ వేయాలంటాడు. గతంలో ఎనిమిది మంది మంత్రులు అంత అమర్యాదకు పాల్పడలేదు. ముందున్నవారి రంగును ముట్టుకోకుండా, దాని మీదే తమ రంగు వేయించి వెళ్లారు.

రవ్వ చిమ్మడం మొదలైంది. ప్రభుత్వాలు వచ్చిన వరుసకు తలకిందులుగా రంగులు రాలాయి. అన్నిటికంటే అడుగున ఉన్న కాఫీ రంగు పోయాక ఇనుము రావాలి. గాలి వచ్చింది. దూలంలో పిడికిలి పట్టేంత బొక్క. అందులోంచి ఏరు చక్కగా కనబడింది. అల్లుడు పని ఆపించి, వంతెనకు అడ్డంగా గొలుసు కట్టించాడు.

మంత్రిగారు హుటాహుటిన వచ్చారు.

“ఏవయ్యా ఇంజనీరూ, నువ్వు గోకకముందు ఈ బొక్క ఉందా?”

“ఉంది సార్. రంగు కింద ఉంది.”

“ఎవరికైనా కనిపించిందా?”

“లేదు సార్.”

“మరి ఉందని ఎలా అంటావ్?”

ముప్ఫై ఏళ్లు తర్కశాస్త్రం బోధించిన నాకు కూడా వెంటనే జవాబు తోచలేదు. మంత్రిగారు వేసిన విచారణ సంఘానికీ తోచలేదు గనుక, వంతెనకు కలిగిన నష్టానికి శుభ్రం చేయడమే కారణమని అది తేల్చింది. ఇకమీదట ఏ ప్రభుత్వ కట్టడాన్నీ రంగుకు ముందు శుభ్రం చేయరాదని ఉత్తర్వు వచ్చింది. బొక్కలో లప్పం కుక్కి, వాన వెలియకముందే స్ప్రే గన్‌తో తొమ్మిదో కోటు కొట్టారు. లప్పం సున్నితమైన పదార్థమని, దాని మీద ఎవరూ వేలు పెట్టకుండా ఒక కాపలాదారును కూడా నియమించారు.

అల్లుడికి ఒకటే పని మిగిల్చారు. ప్రారంభోత్సవం నాడు మైకులో వంతెన భద్రమని చెప్పాలి, లేదా సస్పెన్షన్.

“ఆ వంతెన మీద రోజూ బడిపిల్లలు నడుస్తారు, అత్తయ్యా,” అన్నాడు అన్నం కలుపుతూ.

“ఇల్లు కూడా రోజూ నడవాలి,” అంది మా అమ్మాయి, అతని వైపు చూడకుండా.

ప్రారంభోత్సవానికి ఊరంతా వచ్చింది. యూనిఫారాల్లో పిల్లలు ముందు వరుసలో ఉన్నారు. అల్లుడు మైకు అందుకుని గొంతు సవరించుకున్నాడు.

“వంతెన ఎంత భద్రమో నేను చెప్పడమెందుకు? మంత్రిగారే మొదట అవతలి ఒడ్డుదాకా నడిచి చూపిస్తారు.”

చప్పట్లు మోగాయి. మంత్రివర్యులు రిబ్బను కత్తిరించారు. నీలపు వంతెనను చాలాసేపు ఆప్యాయంగా చూశారు. ఆ తర్వాత, పడవ నడిపే సోదరుల శ్రమను మరిచిపోయే ప్రభుత్వం తమది కాదని చెప్పి, రేవులోకి దిగి పడవెక్కారు. కార్యకర్తలు ఆయన వెనకాలే ఎక్కారు. టీచరు పిల్లల్ని వరుసగా రేవు వైపు తిప్పింది.

మర్నాటి నుంచి ఊళ్లో ఎవరూ వంతెనెక్కలేదు. నాయకుడి అడుగుజాడల్లో ప్రజలు అంత నిష్ఠగా నడవడం నేను అంతకుముందు చూడలేదు. అల్లుడిని ప్రారంభోత్సవం నాటి సాయంత్రమే సస్పెండ్ చేశారు. మంత్రిగారి మీద హద్దుమీరిన నమ్మకం ప్రదర్శించాడన్నది అభియోగం.

నాలుగేళ్ల తర్వాత ఒక మామూలు గాలివానకు వంతెన ఏట్లో కూలింది. దాని మీద ఎవరూ లేరు. రంగు ఎక్కడా పెచ్చులూడలేదని శాఖ ప్రకటించింది.