హాకీలో బై-రన్నర్

“తెనాలి హాకీ ఇక యువతదే!” అని గర్జించి, శేషగిరిరావు గారు నడుం పట్టుకుని కూర్చున్నారు. మా హాకీ సంఘానికి అధ్యక్షుడూ, కెప్టెనూ, సెంటర్ ఫార్వర్డూ ఆయనే. వయసు అరవై మూడు.

ఆయన చెప్పిన యువత నేనే. నాకు నలభై ఒకటి. ఇన్నేళ్లూ బెంచీ మీదే ఎదిగాను. చచ్చేలోగా ఒక్క గోల్ కొట్టాలని నా ఏడుపు!

“స్టార్లం ఇద్దరమే మిగిలాం. మా చుట్టూ జట్టుకి బలం పెంచాలి,” అన్నారాయన. రెండో స్టారు జాన్ సైదా బాబాయ్‌కి మోకాళ్లు వంగవు. ఆయన బదులు వంగడానికి నాతోపాటు బెంచీ మీదుండే డేనియల్‌ని నియమించారు.

“మరి నేనేం చెయ్యాలండీ?”

“నువ్వు నా బై-రన్నర్‌వి రా శ్యామూ.”

“దెబ్బ తగిలినవాడి బదులు పరిగెత్తడమా? అది క్రికెట్‌లో కదండీ!”

“అక్కడుంటే ఇక్కడెందుకుండదు? బంతి తెచ్చి నా స్టిక్కు ముందు పెట్టి తప్పుకో. గోల్ మాత్రం నువ్వు కొట్టకు. చిన్నంతరం పెద్దంతరం ఉండాలి!”

బాపట్లలో రేపల్లె జట్టుతో ఫైనల్. “ఇదేం ఆటండీ!” అని రేపల్లె వాళ్లు మొత్తుకున్నారు. అంపైర్, “పెద్దాయన కదండీ, సర్దుకోండి,” అని మా కెప్టెన్ కాళ్లకు దండం పెట్టి విజిల్ ఊదాడు.

నేను రొప్పుతూ బంతి తెచ్చి పెట్టడం, ఆయన ఊపిన స్టిక్కు గాల్లో తిరగడం, బంతి ఉన్నచోటే ఉండడం. ప్రతిసారీ, “సరిగ్గా పెట్టవేంట్రా!” అని నాకే చీవాట్లు! ఒళ్లు మండిపోయింది.

ఆఖరి నిమిషం వచ్చింది. ఇంకా ఎవరికీ గోల్ లేదు. బంతి తెచ్చి పెట్టాను. ఆయన స్టిక్కు ఎత్తారు. “అమ్మో, నడుం!” అని ఎత్తింది ఎత్తినట్టే బిగుసుకుపోయారు. అవతల రేపల్లె వాళ్లు దూసుకొస్తున్నారు. ఇక నా చేతులు ఆగలేదు. కొట్టేశాను. గోల్! సిగ్గు విడిచి ఏడ్చాను.

బహుమతుల సభలో శాలువా ఆయనకే కప్పారు. ఆయన మైకు అందుకున్నారు.

“జట్టుకి బలం పెంచానంటే నమ్మారా? చూశారుగా! కానీ మా శ్యామ్‌కి నలభై దాటాయి. ఎంతకాలమని పట్టుకు వేలాడతాం? యువతకి చోటివ్వాలి కదండీ!” అంటూ ఆ శాలువానే తీసి నాకు కప్పి, అక్కడికక్కడే నాకు రిటైర్మెంటు ఇచ్చేశారు.

“వయసు మీదపడ్డాక తప్పుకోవడమే గొప్పతనం రా,” అని సైదా బాబాయ్ కుర్చీలోంచే ఓదార్చాడు.

“నా చోట్లో ఎవరండీ?” అన్నాను.

“యువకుడేరా! మా బావమరిది,” అన్నారు శేషగిరిరావు గారు.

చప్పట్లు మోగాయి. ఆ యువకుడు స్టేజీ ఎక్కడానికి డేనియలూ నేనూ చెరో రెక్కా పట్టుకున్నాం.