ఎడమకాలి చెప్పు

తుఫాను వెళ్లిపోయిన మూడో రోజు పొద్దున కరెంటు వచ్చింది. వచ్చిన కరెంటు మళ్లీ పోకముందే మాస్టారు మూడు పనులు పెట్టుకున్నారు. ట్యాంకు నింపాలి, గడ్డం గీసుకోవాలి, రెండు డబ్బాల మంచినీళ్లు కింది వీధిలో చెల్లెలికి మోసుకెళ్లాలి. మాస్టారి వీధి మెరక మీద ఉంది కాబట్టి అక్కడ రాలినవి ఆకులే. కింది వీధి ఇళ్లలో మాత్రం మోకాలి లోతు బురద. కుళాయి తిప్పినా అదే. నలభై ఇళ్లకు రెండు డబ్బాలు ఏ మూలకు? అందుకే మోటారు వేసి, చెంపలకు నురగ రాసుకుని, ఒక పక్క గీసుకుంటూనే నీళ్ల ఆఫీసుకు మళ్లీ ఫోన్ చేశారు.

"కింది వీధికి ట్యాంకర్ పంపండి బాబూ. మూడ్రోజులైంది."

"అంత ఘోరంగా ఉంటే టీవీలో వచ్చేది కదండీ," అన్నాడు గుమాస్తా. "లైన్లో ఉండండి, మా ఆఫీసర్ గార్ని అడుగుతా."

మాస్టారు లైన్లోనే ఉన్నారు. ఫోన్లో అదే పాట ఆరోసారి మొదలైంది. ఈలోగా ట్యాంకు నిండి, పొంగిన నీరు మెట్ల మీదుగా గుమ్మంలోకి దిగి, అక్కడున్న చెప్పుల్ని వెంటేసుకుని వీధిలో పడింది.

"మాస్టారూ! మీ మోటారు!" గోడ మీంచి పక్కింటి పిన్నిగారు కేకేశారు.

బనీను, తువ్వాలు, సగం గీసిన గడ్డంతో మాస్టారు బయటికి పరుగెత్తారు. కుడికాలి చెప్పు గేటు దగ్గర దొరికింది. ఎడమది రోడ్డు పక్క కాలువలో కింది వీధి వైపు దర్జాగా పోతోంది. సరిగ్గా అప్పుడే టీవీ వాళ్ల బండి వచ్చి ఆగింది. బురదలోకి దిగనని డ్రైవరు మొండికేయడంతో, రిపోర్టరమ్మాయి తెల్లారినప్పటి నుంచి పొడి రోడ్ల మీదే వరద కోసం వెతుకుతోంది.

"నీళ్లు! ఇక్కడున్నాయి నీళ్లు!" అంటూ దూకింది.

"ఒక్క నిమిషం తల్లీ, మోటారు కట్టేసి..."

"కదలకండి సార్, లైవ్!" అన్నాడు కెమెరామన్. "ఆ చెప్పు గుండెకి దగ్గరగా పట్టుకోండి."

"ఈ వరదలో మీకేం పోయింది సార్?"

"ఎడమకాలి చెప్పమ్మా. అసలు కింది వీధిలో..."

"మీ ఆవిడ గుర్తా?"

"ఆవిడ పోయి ఆరేళ్లయింది. ఇవి మొన్ననే సందు చివర కొట్లో కొన్నాను."

రిపోర్టరమ్మాయి కెమెరా వైపు తిరిగింది. "ఆరేళ్ల క్రితం భార్య. ఈ రోజు, ఆమె గుర్తుగా మిగిలిన చెప్పు!"

ఆవిడే ఉండి ఉంటే పొట్ట పట్టుకుని నవ్వేది. ఆ ఊహకే మాస్టారికి నవ్వొచ్చి, ఆపుకోబోతే భుజాలు కదిలాయి.

"మాస్టారూ, మీరు కుమిలి కుమిలి ఏడుస్తున్నారట!" పిన్నిగారు తన టీవీ చూసి కిటికీలోంచి చెప్పారు. ఆ తర్వాత ఆవిడే వచ్చి మోటారు కట్టేశారు.

"అమ్మా, వరద తీసేస్తోంది," కెమెరామన్ బతిమాలాడు. "ఇంకో పది నిమిషాలు వెయ్యండమ్మా!"

గంటలో దుప్పట్లు వచ్చాయి. లారీ మీద పడవ వచ్చింది. దాన్ని దింపడానికి చాలినన్ని నీళ్లు లేక లారీ మీదే ఉంచారు. చివరికి రెండు ట్యాంకర్ల మంచినీళ్లతో నీళ్ల ఆఫీసరే దిగారు.

"ఏం కావాలో అడగండి మాస్టారూ. మేమంతా మీ వెనకే ఉన్నాం."

మాస్టారు ట్యాంకర్ల వైపు చూశారు. కింది వీధి అని పొద్దున్నుంచి ఎంతమందికి చెప్పినా ఒక్కరూ చెవిన వేసుకోలేదు. అందరికీ వినిపించింది ఒక్కటే.

"నా చెప్పు కావాలి," అన్నారు. "అది అటు పోయింది."

వట్టికాళ్లతో పల్లంలోకి నడిచారు. ఆయన వెనక కెమెరా, కెమెరా వెనక ఆఫీసరు, ఆఫీసరు వెనక ట్యాంకర్లు, పడవ. పొద్దున మొండికేసిన డ్రైవరు కూడా, ఇంకో ఛానెల్ బండి దాటిపోతుంటే చూసి బురదలోకి దిగాడు.

కింది వీధిలో ట్యాంకర్లు ఆగీ ఆగకముందే బిందెలు, బకెట్లు, పసిపిల్లల పాలడబ్బాలతో సహా వరస కట్టాయి. కెమెరా తనవైపు ఉందని చూసుకుని ఆఫీసరు స్వయంగా ఒక ముసలమ్మ బిందె నింపారు. గుమ్మంలో బురద ఎత్తిపోస్తున్న చెల్లెలు అన్నను చూసి నిలబడిపోయింది.

"అదేం గడ్డం అన్నయ్యా, ఒక పక్కే గీశావు? ఇదిగో, ఇందాక మా గుమ్మంలోకి కొట్టుకొచ్చింది. నీదేనా?"

"దాచెయ్," అన్నారు మాస్టారు పెదవి కదపకుండా. "అది దొరికిందంటే వీళ్లు వెళ్లిపోతారే."

చెల్లెలు ట్యాంకర్ల వైపొకసారి చూసింది. చెప్పు మీద బకెట్ బోర్లించి, దాని మీద కూర్చుంది. ఆ వీధి మొత్తంలో వరసలో నిలబడని బకెట్ అదొక్కటే.

"చెప్పు దొరికేదాకా గాలింపు ఆగదు!" ఆఫీసరు లైవ్‌లో మాటిచ్చారు. "ట్యాంకర్లూ రోజూ ఇక్కడికే వస్తాయి!"

ఎనిమిది రోజులు అంతమంది గాలించినా దొరకని చెప్పు, కింది వీధి కుళాయిల్లో మంచినీళ్లు వచ్చిన గంటకే దొరికింది.