చీజ్‌కి ఇచ్చిన కిటికీ మంచం

కూకట్‌పల్లి అమృతవల్లి లేడీస్ హాస్టల్‌లో జూన్ రెండో సోమవారం నాడు, 204 నంబరు గదిలోని కిటికీ పక్క మంచాన్ని నాలుగు వందల గ్రాముల చీజ్ ముక్కకు కేటాయించారు. అప్పటిదాకా ఆ మంచం లోహితది. కేటాయింపు కాగితాన్ని మెట్ల దగ్గర బోర్డు మీద, ట్యాంకు కడిగే తేదీకీ పోయిన చెవిదుద్దు ప్రకటనకూ మధ్య అంటించారు. చదివినవాళ్ళు చదివి టిఫిన్‌కి వెళ్ళారు. ఆ రోజు ఉప్మా.

ఆ మంచం కోసం లోహిత పదకొండు నెలలు ఎదురు చూసింది. తాడేపల్లిగూడెం నుంచి వచ్చి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌గా చేరిన కొత్తలో ఆమెకు ఐదుగురి గదిలో, బాత్‌రూమ్ తలుపు తెరిస్తే తగిలే మంచం ఇచ్చారు. తర్వాత నలుగురి గదిలో ఫ్యాను గాలి అందని మంచం. ఆ తర్వాత ఇద్దరుండే ఏసీ గదిలో గోడ పక్క మంచం. కిటికీ పక్కనున్న అమ్మాయి పెళ్లై వెళ్ళిపోయాక ఏప్రిల్‌లో అది లోహితదైంది. దాని మీద పడుకుంటే రెండు అపార్ట్‌మెంట్ల మధ్య సందులోంచి మెట్రో రైలు రెండు పెట్టెల మేర కనిపించేది. రోజంతా వేరేవాళ్ళ తప్పులు వెతకడం ఉద్యోగమైన మనిషికి ఆ రెండు పెట్టెలు చాలు.

చీజ్‌ను తెచ్చింది కూడా లోహితే. ఆఫీసుకు వచ్చిన విదేశీ క్లయింటు టీములో అందరికీ తలా ఒక ముక్క పంచాడు. దాంతోపాటు, ఇంట్లో ఎలా దాచుకోవాలో చెప్పే నాలుగు పేజీల కాగితం ఇచ్చాడు. లోహిత కాగితాన్ని దిండు కింద, చీజ్‌ను హాస్టల్ ఫ్రిజ్‌లో పెట్టింది. యాభై ఎనిమిది మందికి అదొక్కటే ఫ్రిజ్. అందులో మార్కర్‌తో పేర్లు రాసిన దోసెల పిండి డబ్బాలు, తడిగుడ్డలో చుట్టిన మల్లెపూలు, ఎవరిదో తెలియని గోంగూర, నెలన్నర నుంచి ఉన్న సగం నిమ్మచెక్క ఉంటాయి. తలుపు రోజుకు నాలుగు వందల సార్లు తెరుచుకుంటుంది. మూడో రోజుకు చీజ్‌కు చెమట పట్టింది. లోహిత ఫిర్యాదుల పుస్తకంలో, ఉద్యోగం అలవాటు కొద్దీ, ఇలా రాసింది: "ఆశించినది: చీజ్. జరిగినది: గోంగూర వాసన వచ్చే చీజ్."

ఆ పుస్తకంలో రాసినవాటి మీద ఇరవై నాలుగు గంటల్లో చర్య తీసుకోవాలని నియమం. గీజరు గురించి రాసి రెండు చలికాలాలు దాటాయి. దోమతెర గురించి రాసిన అమ్మాయికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. కానీ ఈ ఫిర్యాదుకు అచ్చులో కాగితం జతగా ఉంది. హాస్టల్ నడిపే కృపావతి ఆంటీకి అచ్చయిన కాగితమంటే గౌరవం. ఆమె కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ నాలుగు పేజీలూ చదివింది.

"ఒకే చల్లదనం నిలకడగా ఉండాలంట," అంది. "ఘాటు వాసనలు పక్కన ఉండకూడదంట. ప్లాస్టిక్‌లో బిగించి కట్టకూడదంట, దానికి ఊపిరాడాలంట. మన ఫ్రిజ్‌లో ఇయన్నీ ఎక్కడ కుదురుద్దమ్మా? ఏసీ ఉంది 204లోనేగా."

"కిటికీ పక్కనే ఎందుకాంటీ? గోడ పక్కన పెట్టొచ్చు కదా."

"ఏసీ కిటికీ పైన ఉంది కదమ్మా. ఊపిరాడాలంటున్నారు."

"నాకూ ఊపిరాడాలి కదాంటీ."

"నువ్వు కాగితం తెచ్చుకోలేదుగా," అంది ఆంటీ, ప్రేమగానే.

చేరిక ఫారం నింపారు. వయసు దగ్గర పద్దెనిమిది నెలలు అని రాశారు, రేపరు మీద అలాగే ఉంది. తండ్రి పేరు దగ్గర గీత గీశారు. వెజ్జా నాన్‌వెజ్జా అన్నచోట చాలాసేపు ఆగి, వెజ్ అని రాసి, పక్కన చిన్నగా "అడిగి చెప్తారు" అని చేర్చారు. రెండు పాస్‌పోర్టు సైజు ఫోటోలు కావాలంటే లోహితే తీసి ఇచ్చింది. లోకల్ గార్డియన్ అన్నచోట లోహిత పేరు రాశారు. ఆమె తన పాత గోడ పక్క మంచానికి మారింది. అక్కడున్న షబానా, మధ్యలో వేసిన మడత మంచానికి మారింది.

మంగళవారం లోహిత దగ్గరి దారి ఒకటి చెప్పింది. "ఆంటీ, తినేస్తే సరిపోద్ది కదా. షబానా, నేనూ బ్రెడ్ మీద వేసుకుని ఈ పూటకే అవగొట్టేస్తాం."

"రిజిస్టర్లో పేరెక్కినాక తినేదేంటమ్మా," అంది ఆంటీ. "రేపు పక్క గది పిల్లని తింటానంటావు."

పోనీ బయటికి తీసుకెళ్ళి ఎవరికైనా ఇచ్చేస్తానంది. బయటికి వెళ్ళాలంటే అవుట్ పాస్ కావాలి. అవుట్ పాస్‌కు తల్లిదండ్రులు ఫోన్ చేయాలి. చీజ్ తరఫున ఎవరూ ఫోన్ చేయలేదు.

బుధవారం నుంచి కాగితంలోని మిగతా సూచనలు అమల్లోకి వచ్చాయి. మనుషులకు రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా మాత్రమే వేసే ఏసీని ఇరవై నాలుగు గంటలూ పదహారు మీద పెట్టారు. చీజ్‌ను చుట్టిన కాగితం ఒకసారి విప్పితే మళ్ళీ వాడకూడదు కాబట్టి వెన్న కాగితం చుట్ట ఒకటి కొన్నారు. గదిలో తేమ ఉండాలని గోరువెచ్చటి నీళ్ళ గిన్నె పెట్టమన్నారు, దానికోసం గీజరు ఒక్క పూటలో బాగైంది. రోజుకు ఒక గిన్నె వేడినీళ్ళు వచ్చేవి. గార్డియన్‌గా లోహిత ఆఫీసుకు వెళ్ళే ముందు కాగితం మార్చి, ముక్కను అటు ఇటు తిప్పి, హాజరు పుస్తకంలో చీజ్ తరఫున సంతకం పెట్టేది.

వాసనల నియమం షబానాకు తగిలింది. కడప నుంచి వాళ్ళమ్మ పంపే ఎర్రకారం డబ్బా, ఆమె తలకు రాసుకునే నూనె, ఆ నియమం కింద గదిలో ఉండరాదు. షబానా డబ్బాతో పాటు తానూ ఐదుగురి గదికి వెళ్ళిపోయింది.

"నా కారం పొమ్మంటే నేనూ పోతాండా," అంది సంచి భుజానికి తగిలించుకుని. "నువ్వూ రా పాపా. ఈ చలిలో దీంతో ఏం జేస్తావు?"

"కిటికీ ఉంది కదే."

"కిటికీ నీది కాదు గదా ఇప్పుడు."

"మంచం నాది కాదు. మెడ బాగా తిప్పితే ఒక పెట్టె కనపడుతుంది."

షబానా కారం డబ్బా చంకలో పెట్టుకుని మెట్లు దిగింది.

వంట చేసే యాదమ్మ నీళ్ళ గిన్నె తెచ్చినప్పుడల్లా గుమ్మంలోనే ఆగేది. "మా ఇండ్లల్ల పాలు ఇరిగితే పారబోస్తం," అనేది. "ఈడ మంచమేసి పండవెట్టిండ్రు. మొన్న నాకు జరమొచ్చి పంటనంటే, ఏడ పంటవ్ అన్నది మీ ఆంటి." ఆ మాట ఆమె కోపంగా అనలేదు. గిన్నె కింద పెట్టి, చీజ్ మీది దుప్పటి సరిచేసి వెళ్ళేది.

శుక్రవారానికి చీజ్ అంచున చిన్న చెమ్మ కనిపించింది. లోహిత గదిలో థర్మామీటరు పెట్టి గంటగంటకూ రాసింది. తాను గదిలో లేనప్పుడు, యాదమ్మ చూసి ఫోన్‌లో చెప్పిన లెక్క పదహారు. తాను గదిలో ఉన్నప్పుడు పద్దెనిమిదిన్నర. మూడు రోజులు పరీక్షించినా అదే ఫలితం. ఇంకెవరైనా అయితే ఆ లెక్కల కాగితం చించేసేవారు. కానీ లోహిత ఏడాదికి పైగా తప్పు దొరికితే రాయకుండా ఉండలేని ఉద్యోగంలో ఉంది. ఫిర్యాదుల పుస్తకం తీసి, "లోపం: గది వేడెక్కుతోంది. కారణం: లోహిత," అని రాసి సంతకం పెట్టింది.

ఇరవై నాలుగు గంటల్లో చర్య తీసుకున్నారు.

"నీ తప్పు కాదులేమ్మా, ఒంట్లో వేడి ఎవరికైనా ఉంటది," అంది ఆంటీ. "కానీ ఏ గదిలోనూ మంచం ఖాళీ లేదు. ఒక్క చోటుంది." కాగితం రెండో పేజీ తిప్పి వేలు పెట్టి చూపించింది. "తాజాగా ఉంచడానికి అన్నిటికంటే మంచి చోటు ఫ్రిజ్‌లో కింద కూరగాయల అరంట. పైన ఎన్నిసార్లు తలుపు తీసినా అక్కడ చల్లదనం పెద్దగా మారదంట. చీజ్ ఎట్లాగూ 204లో ఉంది, ఆ అర వాడటం లేదు. కొంచెం అడ్జస్ట్ అవ్వమ్మా."

"మంచి చోటే అయితే చీజ్‌ని అక్కడ పెట్టి నా మంచం నాకివ్వొచ్చు కదాంటీ."

"మంచం కేటాయింపు అయిపోయిందిగా. బోర్డు మీద పెట్టాను కూడా."

లోహిత సోమవారం సాయంత్రం మారింది. ఆమె ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు, అర పొడవు ఇరవై అంగుళాలు. ఆ తేడాను మోకాళ్ళు ముడిచి సర్దారు. అర మీద మార్కర్‌తో ఆమె పేరు రాశారు. పక్కన కొత్తిమీర కట్ట, పచ్చిమిరపకాయల కవరు మాత్రమే ఉన్నాయి. అవి ఫోన్‌లో గట్టిగా మాట్లాడవు, ఛార్జర్ అడగవు. వైఫై పెట్టె ఫ్రిజ్ మీదే ఉండటంతో సిగ్నల్ ఇదివరకటి కంటే బాగుంది. ఆఫీసు పని అక్కడి నుంచే చేసింది, మీటింగుల్లో కెమెరా ఆపుకుంటే సరిపోయింది. తలుపు తెరిచినప్పుడు వెలుగొచ్చేది, మూస్తే పోయేది. మొదటి రోజు పిండి కోసం వచ్చిన అమ్మాయిలు "సారీ అక్కా" అనేవాళ్ళు. మూడో రోజు నుంచి అనలేదు. యాదమ్మ ఒక్కతే, కొత్తిమీర తీసేటప్పుడల్లా, "జర కాళ్ళు జరుపు బిడ్డా," అనేది.

లోహిత ఫిర్యాదుల పుస్తకం మరోసారి అడిగింది. యాదమ్మ తెచ్చి ఇచ్చింది. "ఆశించినది: కిటికీ," అని రాసేసరికి ఎవరో తలుపు మూశారు. రెండో ముక్క చీకట్లో రాసింది. దాన్ని ఎవరూ చదవలేకపోయారు.

గురువారం తాడేపల్లిగూడెం నుంచి అమ్మ ఫోన్ చేసింది.

"ఎలా ఉందే కొత్త చోటు?"

"ఇరుగ్గా ఉందమ్మా."

"హైదరాబాదులో ఎక్కడ ఇరుకు లేదే. బయటివాళ్ళు ఎవరూ రారు కదా?"

"రారు."

"తలుపు ఎన్నింటికి వేస్తారు?"

"ఎప్పుడూ వేసే ఉంటుందమ్మా. వేస్తే లైటు కూడా పోతుంది."

"మంచిదే. ఆ కిటికీ గది అన్నప్పటి నుంచీ మీ నాన్నకి ఒకటే గుబులు. ఎదురింట్లో ఎవరుంటారో ఏంటో అని. ఇప్పుడు నిశ్చింతగా నిద్రపోతారు. ఒసే, ఆదివారం పదకొండింటికి మియాపూరులో మీ మావయ్య వాళ్ళింటికి పెళ్లివారు నిన్ను చూడటానికి వస్తున్నారు. అబ్బాయి బ్యాంకులో. మేం శనివారమే దిగుతాం. మావయ్య నిన్ను తీసుకురావడానికి వస్తాడు."

"నన్నడగలేదేంటమ్మా?"

"ఇప్పుడు అడుగుతున్నాగా. పాత చీర కట్టకే, అది కట్టుకుని ఇదివరకే ఒకళ్ళ ముందు పెళ్ళిచూపులకి కూర్చున్నావు. కొత్తది పంపిస్తున్నా. ఇంకో మాట. తిన్నగా ఆ చలిలోంచి లేచి వచ్చేయకు. ముఖం బిగుసుకుపోయి ఉంటది. ఓ గంట ముందే బయటికొచ్చి కూర్చో, మామూలైపోద్ది."

అదే విషయం కాగితం నాలుగో పేజీలో కూడా ఉంది. వడ్డించే గంట ముందు బయటకు తీయాలి, గది వేడికి అలవాటు పడనివ్వాలి, వేలితో నొక్కితే కాస్త మెత్తగా తగలాలి.

తల్లి ఆంటీకి కూడా ఫోన్ చేసింది కాబట్టి అవుట్ పాస్ వెంటనే వచ్చింది. ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి యాదమ్మ అర బయటకు లాగింది. లోహిత కొత్త చీర కట్టుకుని, డైనింగ్ హాల్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది.

"ఆంటీ, వెళ్ళే ముందు ఒకసారి 204 చూసి రానా?"

"తలుపు తీస్తే చల్లదనం పోద్దమ్మా."

లోహిత కూర్చునే ఉంది. ఆ పక్కన అమ్మాయిలు ఇడ్లీ తిన్నారు, పళ్ళేలు కడుక్కున్నారు. పది గంటలకు కృపావతి ఆంటీ వచ్చి, కళ్ళజోడు సర్దుకుని, లోహిత బుగ్గ మీద వేలితో మెల్లగా నొక్కి చూసింది. తర్వాత గేటు దగ్గరున్న మావయ్యకు ఫోన్ చేసి, ఇక తీసుకెళ్ళొచ్చని చెప్పింది.

మావయ్య కారులో ఏసీ ముందే వేసి ఉంచాడు. లోహితకు కిటికీ పక్క సీటు దొరికింది. ఆమె అద్దం మీద చెయ్యి వేయగానే, "దించకమ్మా, జుట్టు చెదురుద్ది," అన్నాడు. ఆమె చెయ్యి తీసేసింది. మియాపూరు దాకా రోడ్డు నెత్తి మీదుగానే మెట్రో వెళ్తుంది. రైలు వచ్చిన చప్పుడు రెండుసార్లు వినిపించింది. కింది నుంచి పెట్టెలు కనపడవు, స్తంభాలే కనపడతాయి. లోహిత వాటిని మియాపూరు దాకా చూస్తూ కూర్చుంది.