మా ఆవిడ తూటాలు

కాటన్‌వుడ్ క్రీక్ పిస్తోలు క్లబ్బు కార్యదర్శిగా మహిళాభ్యుదయం కోరే యావన్మందికీ సవినయంగా తెలియజేయునది ఏమనగా, స్త్రీ సంక్షేమంలో అమెరికాలోని మోంటానా రాష్ట్రం మొత్తానికి మా క్లబ్బే ముందుంది. మా సభ్యులు తయారు చేసే ప్రతి తూటా భార్యల కోసమే తయారవుతోంది. ఆ భార్యల్లో ఒక్కరైనా మొన్నమొన్నటి వరకూ మా మైదానంలో అడుగు పెట్టలేదన్నది వేరే సంగతి. సంక్షేమం అందుకునేవాళ్లు కళ్లకు కనబడాలనే సంకుచిత బుద్ధి మాకు లేదు.

ముందుగా ఒక అపోహ తొలగించాలి. పిస్తోలు పేలినప్పుడు వెనక్కి తంతుంది. ఈ తన్ను భూమ్మీద అందరికీ తగులుతుంది, మా క్లబ్బు మగవాళ్లకు తప్ప. మాకు తగలదు. తగిలినా నొప్పి పుట్టదు. పుట్టినా అది నొప్పి కాదు, వాతావరణం.

బజారులో దొరికే తూటా కాస్త కోపిష్టిది. అందుకని పేల్చేసిన తూటాల ఖాళీ గుల్లల్ని నేలమీద ఏరుకుని, ఇంటికి తీసుకెళ్లి, గరాజులో తూటాలు బిగించే ప్రెస్సు ముందు కూర్చుని మందు మేమే నింపుకుంటాం. మందు అనగానే మీకు ఏ సీసా గుర్తొచ్చిందో నాకు తెలుసు. ఇది ఆ మందు కాదు, తుపాకీ మందు. అయితే ఇంట్లో తగ్గిస్తానని మాటిచ్చి నిజంగా తగ్గించేవాళ్లు మా ఊళ్లో ఈ ఒక్క మందుకే ఉన్నారు. తొందరగా కాలిపోయే రకం మందు కొద్దిగా వేసి, పైన బరువైన గుండు కూర్చోబెడితే తన్ను కాస్తా తోపుగా మారుతుంది. ఏ రకం మందు మెత్తనిది అన్న విషయం మీద మావాళ్లు అంత్యక్రియల్లో కూడా మాట్లాడుకుంటారు. పోయినాయన క్లబ్బు సభ్యుడైతే అది నివాళి కిందే లెక్క.

మరీ తగ్గించడానికి వీల్లేదు. గుండు బరువును వేగంతో హెచ్చవేస్తే వచ్చే అంకె క్లబ్బు గీసిన గీతకు పైన ఉండాలి. పోటీకి ముందు వేగం కొలిచే పెట్టె మీదుగా కాల్చి నిరూపించుకోవాలి. గీతకు వెంట్రుకవాసి పైన నిలిచే తూటా చేయడమే మాకు తెలిసిన లలితకళ. ఆగస్టు ఎండలో నెగ్గిన తూటా అక్టోబరు చలికి ఓడిపోతుంది కనుక, పరీక్షకు ముందు తూటాల డబ్బాను చంకలో పెట్టుకుని పొదిగే సభ్యులున్నారు. వాళ్లను చూసి మాకు నవ్వు రాదు. మా చంకలు కూడా ఖాళీగా ఉండవు.

భార్యల కోసం అనే ఉదాత్త భావన మొదట కలిగింది మా అధ్యక్షుడు డ్వైట్ ప్రూయిట్‌కి. ఆయన డబ్బా మీద చీటీ చూసి ఎవరో "ఇంత మెత్తగానా" అన్నారు. "మా ఐరిస్ కోసం," అన్నాడు డ్వైట్. "దాని మణికట్టు సంగతి మీకు తెలియదు." మరుసటి శనివారానికి క్లబ్బంతా భార్యాప్రేమ అంటువ్యాధిలా పాకింది. మందులు మెత్తబడ్డాయి, వాటికి తగ్గట్టు పిస్తోళ్లలో స్ప్రింగులు మెత్తబడ్డాయి. నేను కూడా మా ఆవిడ కోసం మెత్తటి తూటాలు చేయడం మొదలుపెట్టాను. నాకింకా పెళ్లి కాలేదు. అయినా మనిషికి ముందుచూపు ఉండాలి.

ఇక లైల్ గన్నర్‌సన్ సంగతి. లైల్ అంత మంచివాడు మా క్లబ్బులో లేడు. బొటనవేలి కీలు అరిగిపోయి, మణికట్టు వాచి, కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకునే స్థితికి వచ్చాడు. కాల్చడం మానేయమన్నాడు డాక్టరు. శనివారం పోటీ తప్ప ఆయనకు వేరే లోకం లేదు. పైగా మా క్లబ్బులో ఒక సంప్రదాయం ఉంది. చెయ్యి ఆడనివాణ్ణి మేం అవమానించం. ఒక మడత కుర్చీ, అట్ట ముక్క, పెన్సిలు ఇచ్చి 'గౌరవ స్కోరర్' అని పిలుస్తాం. ఆ కుర్చీలోంచి లేచి మళ్లీ పిస్తోలు పట్టినవాడు లేడు. ఇదివరకు అందులో కూర్చున్న హార్లన్ తిన్నగా శ్మశానానికే వెళ్లాడు. లైల్ ఆ కుర్చీ వైపు చూడడం కూడా మానేశాడు. ఎండ పడితే దాని నీడ తన కాళ్లమీద పడకుండా పక్కకు జరిగేవాడు.

పిస్తోలు తన్నే తన్నుతోనే దాని పైభాగం వెనక్కి జారి, ఖాళీ గుల్లను విసిరేసి, కొత్త తూటాను ఎక్కించుకుంటుంది. అందుకు పట్టుకున్న చెయ్యి గోడలా నిలవాలి. తన్ను తగ్గి, చెయ్యి కూడా వాలిపోతే గుల్ల బయటపడక పొగగొట్టంలా మధ్యలో నిలబడిపోతుంది. లైల్ పిస్తోలుకు ఇదే జబ్బు పట్టింది. మా దగ్గర దీనికి మర్యాదగా ఒక పేరుంది, 'మెత్తటి మణికట్టు'. ఆ మాట అన్నవాడు నవ్వాలి, పడ్డవాడు చచ్చిపోవాలి.

"ఏంటి లైల్, మణికట్టు మెత్తబడిందా?" అన్నాడు డ్వైట్ అందరికీ వినపడేలా.

"ఛ, డబ్బా మారిపోయింది. ఇవి మా ఆవిడ తూటాలు," అన్నాడు లైల్.

పై శనివారం కూడా డబ్బా మారిపోయింది. ఆ పై వారం కూడా.

"మార్వాని ఒకసారి తీసుకురావోయ్," అన్నాడు డ్వైట్. "ఆవిడ తూటాలు ఆవిడే కాలుస్తుంది. పిస్తోలు ఆగితే తప్పు తూటాది. ఆడితే తప్పెవరిదో మేం చూసుకుంటాం." అని కుర్చీ వైపు చూశాడు.

లైల్ భార్య మార్వా గుర్రాలకు నాడాలు కొడుతుంది. మూడు కౌంటీల్లో మొండి గుర్రం ఉంటే ఆవిడకే కబురు వెళ్తుంది. కంచరగాడిద కాలు ఎత్తిపట్టుకుని ఆవిడ టెలిఫోన్ మాట్లాడడం నేను కళ్లారా చూశాను. ఆ మణికట్టు బలహీనమని క్లబ్బు ఏకగ్రీవంగా నమ్ముతోంది.

ఒక్క మార్వాని పిలిస్తే బాగుండదని, 'మహిళా దినోత్సవం' ప్రకటించాం. అప్పుడు గానీ మిగతా భర్తలకు తాము ఏ గోతిలో పడ్డామో అర్థం కాలేదు. ఆ వారమంతా ఊళ్లో మగవాళ్లు గిన్నెలు తోమారు, చెత్త బుట్టలు మోశారు. డ్వైట్ ఐరిస్‌ని భోజనానికి బయటికి తీసుకెళ్లి, పచ్చడి సీసా మూత ఇకనుంచి తనచేతే తీయించుకోవాలని బతిమాలాడట.

ఆ రోజు డ్వైట్ జెండా కింద నిలబడి ఉపన్యసించాడు. "సోదరీమణులారా, మీ సుకుమారమైన చేతుల కోసం మేం రాత్రింబవళ్లు మందు తగ్గిస్తున్నాం. మా చేతులా, అవి ఇనుము. మీరు లేకపోతే ఈ క్లబ్బులో ఇంత మెత్తదనం ఉండేదా? ఉపన్యాసం తర్వాత మీరు తెచ్చిన బంగాళాదుంపల వంటకాలు వడ్డించండి. దానికి ముందు మార్వా గారు కాలుస్తారు."

మార్వా లైల్ పిస్తోలు తీసుకుంది. ఆవిడ చేతిలో అది బొమ్మలా ఉంది. కాల్చింది. గుల్ల ఎగిరి పడింది. మళ్లీ కాల్చింది, మళ్లీ ఎగిరింది. మండే మందులో గానీ, గుండులో గానీ, స్ప్రింగులో గానీ ఏ లోపమూ లేదు. డ్వైట్ మొహం విప్పారింది. చెయ్యి చాచి మడత కుర్చీని కాస్త ముందుకు లాగాడు.

మార్వా ఆ చప్పుడు విని తల తిప్పింది. కుర్చీని చూసింది, దాని వెనకాల పెన్సిలు పట్టుకుని నిలబడ్డ నన్ను చూసింది, చివరికి లైల్‌ని చూసింది. లైల్ తన బూట్లు చూసుకుంటున్నాడు.

ఆవిడ మళ్లీ గురిపెట్టింది. ఈసారి ఆ మణికట్టు తడిసిన తువ్వాలులా వాలింది. గుల్ల పొగగొట్టంలా నిలబడింది.

"అబ్బా, నా వల్ల కాదమ్మా," అంది మార్వా. "ఎంత తంతోందో. పాపం లైల్ ఇంకా తగ్గించాలని చూస్తూనే ఉన్నాడు, నా చెయ్యే ఇంతే."

లైల్ తలెత్తాడు. అంత పెద్ద మనిషి కళ్లలో నీళ్లు తిరిగాయి. నావి కూడా తిరగబోయాయి. కార్యదర్శులకు అలాంటివి కూడదు గనుక దగ్గాను.

తర్వాత వరసగా అందరు భార్యలూ వచ్చారు. వాళ్లకేం చెప్పనక్కర్లేకపోయింది. ఐరిస్ మణికట్టు అందరికన్నా అందంగా వాలింది. ప్రతి గుల్లా నిలబడిపోతుంటే భర్తలు ఒకరి వీపు ఒకరు తట్టుకున్నారు. ఆ ఉత్సాహంలో డ్వైట్ తీర్మానం ప్రవేశపెట్టాడు. మహిళల క్షేమం దృష్ట్యా వేగం గీతను కిందికి దించడమైనది. సభ్యులంతా చేతులెత్తారు. కొందరికి చెయ్యి ఎత్తడమే కష్టమైంది. మహిళలు సభ్యులు కారు గనుక వాళ్లకు ఓటు లేదు.

సంప్రదాయం మాత్రం తప్పలేదు. చెయ్యి ఆడదని రుజువైంది గనుక గౌరవ స్కోరర్ పదవి మార్వాకి కట్టబెట్టాం.

ఆ సాయంత్రం నా ట్రక్కు మొరాయిస్తే లైల్ వాళ్ల బండిలోనే ఇంటికి వెళ్లాను.

"ఎందుకలా చేశావు?" అన్నాడు లైల్ మెల్లగా.

"శనివారాలు కూడా నువ్వు ఇంట్లోనే ఉంటే నేనేమైపోవాలి?" అంది మార్వా. తర్వాత ఆయన చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది, ఇంకో చేత్తో బండి తోలింది.

ఇప్పుడు లైల్ మరింత మెత్తటి తూటాకు తగ్గట్టు స్ప్రింగు కూడా మార్చుకుని హాయిగా కాలుస్తున్నాడు. మేమందరమూ హాయిగా కాలుస్తున్నాం. మార్వా శనివారం పొద్దున గుర్రాలకు నాడాలు కొట్టి, తొమ్మిదింటికల్లా వచ్చి బలహీనంగా కుర్చీలో కూర్చుంటుంది. మా క్లబ్బు స్త్రీలకు ఇచ్చిన గౌరవం గురించి కౌంటీ పత్రికలో కూడా రాశారు.

చివరగా చదువరులకు ఒక మనవి. నేను అవివాహితుణ్ణని ముందే చెప్పాను. మెత్తటి తూటాలు నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. మీ ఎరుకలో మంచి సంబంధం ఉంటే చెప్పండి. అమ్మాయి మణికట్టు ఎంత గట్టిదైనా అభ్యంతరం లేదు. సమయానికి వాల్చడం వస్తే చాలు. ఆ మాటకొస్తే, మీ ఇంట్లో అది ఎవరికి వచ్చో ఒకసారి చూసి చెప్పండి.